ఒకే కాల్పులో తయారైన గిన్నె: లూసీ రీ మట్టిపని

సభకు నమస్కారం. పెద్దలకు, లలితకళల విద్యార్థులకు, చేతిలో పని పక్కన పెట్టి ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన కుమ్మరి కుటుంబాల వారికి నా వందనాలు.

ఈ బల్ల మీద రెండు గిన్నెలు పెట్టాను. ఎడమ వైపున్నది కాలిన గిన్నె. కుడి వైపున్నది పచ్చిది. సారె మీద నుంచి దించి నాలుగు రోజులైంది, నిన్న రాత్రి దాని మీద మాంగనీస్ అనే లోహపు పొడి కలిపిన నల్లని పూత పూశాను, ఇంకా బట్టీ ముఖం చూడలేదు. రెండూ ఒకే తూకం ముద్దతో, ఒకే కొలతకు చేసినవే. అయినా కాలినది పచ్చిదాని పక్కన చెల్లెలిలా చిన్నగా కనిపిస్తున్నది. పింగాణీ మట్టి ఎండి, కాలి, గట్టిపడేలోగా దాదాపు ఎనిమిదో వంతు కుదించుకుపోతుంది. ఈ రెండు గిన్నెలకూ మధ్య ఉన్నది ఒకే ఒక్క కాల్పు. ఆ ఒక్క కాల్పు గురించీ, దాన్ని జీవితమంతా తన పద్ధతిగా నిలుపుకున్న లూసీ రీ అనే కళాకారిణి గురించీ ఈ రోజు మాట్లాడతాను.

కళాకారులకు ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుందని విద్యార్థులు నన్ను తరచుగా అడుగుతుంటారు. ఆ ప్రశ్న వెనుక ఒక ఊహ ఉంటుంది: ఎక్కడో ఒక అందమైన వస్తువును చూస్తాము, మనసులో ఒక బొమ్మ ముద్రపడుతుంది, ఆ బొమ్మను మట్టిలోకి దించుతాము అని. లూసీ రీ పనిని ఏళ్ళ తరబడి చూసిన తరువాత నాకు అర్థమైనది వేరు. ఆమె ఒక పాత కుండను చూసినప్పుడు, దాన్ని చేసిన చేయి ఎలా కదిలిందో వెతికారు. ఈ గీత దేనితో గీశారు, ఈ అంచు ఇంత పలుచగా ఎలా నిలబడింది, ఈ రెండు భాగాలు ఎక్కడ కలిశాయి అని చూశారు. అందువల్ల ఆమె ప్రేరణల గురించి చెప్పబోతే అది పని పద్ధతి గురించి చెప్పడమే అవుతుంది.

ఆమె 1902లో వియన్నాలో, చదువూ సంపదా ఉన్న యూదు కుటుంబంలో, లూసీ గోంపెర్ట్స్ అనే పేరుతో పుట్టారు. తండ్రి చెవి, ముక్కు, గొంతు వైద్యుడు. తల్లి వైపు మేనమామ సాండోర్ వోల్ఫ్ ఐసెన్‌స్టాట్ అనే ఊళ్ళో ఉండేవారు. ఆయన పురావస్తువులు సేకరించేవారు, ఆ ప్రాంతపు తవ్వకాల్లో దొరికిన రోమన్ కాలపు మట్టిపాత్రలు ఆయన సేకరణలో ఉండేవి. సెలవులకు మేనమామ ఇంటికి వెళ్ళిన పిల్లకు వేల ఏళ్ళనాటి కుండలు గాజు పెట్టెల వెనుక కాక ఇంటి సామానులా కనిపించడం చిన్న విషయం కాదని నేను అనుకుంటాను. పాత కుండ అంటే భయమూ, భక్తీ లేకుండా చేతిలోకి తీసుకుని తిప్పి చూసే అలవాటు అక్కడే మొదలై ఉండాలి.

1922లో ఆమె వియన్నా కళావృత్తుల పాఠశాలలో చేరారు. అక్కడ మట్టిపని గురువు మిహాయేల్ పొవోల్నీ. ఆ పాఠశాలలోనే ఆమె మొదటిసారి సారె మీద పని చూశారు, ఇక దాన్ని వదల్లేదు. మట్టితో పాటు గ్లేజుల, అంటే మంటలో కరిగి పాత్ర మీద గాజులా నిలిచే పూతల, రసాయనాన్ని కూడా అక్కడ శ్రద్ధగా నేర్చుకున్నారు. పాళ్ళు మార్చి మార్చి ప్రయత్నించి, ఫలితాలను నోటుపుస్తకాల్లో రాసుకునే అలవాటు చివరిదాకా ఆమెను వదల్లేదు. వియన్నాలో ఆ రోజుల్లో యోసెఫ్ హోఫ్‌మన్ లాంటి వాస్తుశిల్పులు అనవసరమైన అలంకారాన్ని తీసివేసి రూపాన్నే మాట్లాడించాలని కృషి చేస్తున్నారు. 1926లో హాన్స్ రీని పెళ్ళి చేసుకున్న తరువాత, వారి ఇంటి లోపలి అమరికను ఎర్న్‌స్ట్ ప్లిష్కే అనే యువ వాస్తుశిల్పి రూపొందించారు. వాల్‌నట్ కర్రతో చేసిన అలమరలు, బల్లలు, ఖాళీ గోడలు, పరిచినట్టుండే వెలుతురు. లూసీ రీ గిన్నెలను చూసినవారు అవి ఎలాంటి గదిలో పుట్టి ఉంటాయో ఊహించుకోవచ్చు. 1937లో పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో ఆమెకు రజత పతకం వచ్చింది. ఆ మరుసటి సంవత్సరమే నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించడంతో ఆమె దేశం విడిచి లండన్ చేరవలసి వచ్చింది.

భర్త అమెరికా వెళ్ళిపోయారు, కొంతకాలానికి వివాహం రద్దయింది. ఆమె లండన్‌లో హైడ్ పార్కు దగ్గర ఆల్బియన్ మ్యూస్ అనే సందులో, ఒకప్పుడు గుర్రాల శాలగా ఉన్న చిన్న ఇంట్లో స్థిరపడ్డారు. కింద పనిగది, పైన కాపురం. వియన్నా నుంచి ప్లిష్కే చేసిన కర్రసామాను తెప్పించుకుంటే, సిగ్మండ్ ఫ్రాయిడ్ కుమారుడు, వాస్తుశిల్పి ఎర్న్‌స్ట్ ఫ్రాయిడ్ దాన్ని ఆ ఇంటి కొలతలకు తగ్గట్టు అమర్చి ఇచ్చారు. అర్ధ శతాబ్దం ఆమె ఆ ఇంట్లోనే ఉన్నారు, అక్కడే పనిచేశారు.

వియన్నాలో ఆమెకు పేరుంది, లండన్‌లో లేదు. యుద్ధకాలంలో బతకడానికి ఆమె బొత్తాలు చేశారు. ముందు, తనలాగే శరణార్థిగా వచ్చిన మరొకరి గాజు బొత్తాల పనిలో చేరి, తరువాత తన పనిగదిలోనే మట్టి బొత్తాలు మొదలుపెట్టారు. ప్లాస్టర్ అచ్చుల్లో మట్టిని ఒత్తి, గ్లేజు పూసి, ఫ్యాషన్ దుస్తులు కుట్టే సంస్థలకు అమ్మేవారు. ఈ భాగాన్ని చాలామంది కష్టకాలపు కథగా చెప్పి దాటేస్తారు. నాకు మాత్రం ఇది ఆమె చదువులో అతి ముఖ్యమైన అధ్యాయంగా కనిపిస్తుంది. దర్జీ ఒక గుడ్డముక్క పంపి, బొత్తం ఈ రంగుకు సరిగ్గా కలవాలి అంటాడు. ఆ నీలం, ఆ ఊదా, ఆ ఆకుపచ్చ అంగుళమంత జాగాలో, బట్టీ మంటలో మారిపోకుండా తేవాలి. ఒక్కొక్క బొత్తం ఒక్కొక్క గ్లేజు పరీక్ష. వేల బొత్తాలు చేసిన చేతికి రంగులు ఎంత లోతుగా అబ్బుతాయో, ఆమె తరువాతి గిన్నెల గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగులు చూస్తే తెలుస్తుంది.

1946లో ఆ బొత్తాల పనికోసం ఒక యువకుడు వచ్చి తలుపు తట్టాడు. జర్మనీ నుంచి వచ్చిన శరణార్థి, పేరు హాన్స్ కోపర్, మట్టిపని అంతకుముందు తెలియదు. కొద్ది కాలంలోనే ఆయన సహాయకుడి స్థాయి నుంచి సమానుడైన తోటి కళాకారుడయ్యాడు. తరువాత ఆధునిక మట్టిశిల్పంలో తనదైన పేరు సంపాదించుకున్నాడు. ఇద్దరూ కలిసి కప్పులు, సాసర్లు, సలాడ్ గిన్నెలు చేసి అమ్ముతూ పనిగదిని నిలబెట్టారు. అయితే కోపర్ చేసిన పెద్ద సహాయం ఆమెను ఆమె దారిలోకి తిరిగి తేవడం. ఆ సందర్భం కొంచెం వివరించాలి.

ఆ రోజుల్లో ఇంగ్లండు మట్టిపని లోకంలో బెర్నార్డ్ లీచ్ అనే పెద్ద మట్టి కళాకారుడి మాటే మాట. చైనా సోంగ్ రాజవంశపు పాత్రలు, కొరియా, జపాన్ పల్లెల కుండలు ఆయనకు ఆదర్శం. కుండకు దళసరి గోడ, గట్టి పాదం, చేతి బరువు ఉండాలని ఆయన నమ్మకం. లూసీ రీ వియన్నా గిన్నెలు ఆయనకు మరీ పలుచగా, నిలకడ లేనట్టుగా అనిపించాయి, ఆ మాట ఆయన దాచలేదు. ఆమె ఆ మాటకు విలువిచ్చి కొంతకాలం తన చేతిని బరువు చేసుకునే ప్రయత్నం చేశారు. ఆ కాలపు పాత్రల్లో ఆమె కనబడరు. మీ చేతికి వచ్చినదే చేయండి అని ప్రోత్సహించినవాడు, పనిలో చేరి ఎంతో కాలం కాని కోపర్. ఒక పెద్దాయన మాట వినడమూ, దాన్ని దాటి రావడమూ రెండూ గౌరవంగానే జరిగాయి. లీచ్‌తో ఆమె స్నేహం జీవితాంతం నిలిచింది.

ఆ స్నేహానికి గుర్తుగా ఒక జాడీ ఆమె పనిగదిలో ఉండేది. లీచ్ 1935లో సియోల్‌లో కొన్న కొరియా తెల్ల పింగాణీ జాడీ అది. నిండు చంద్రుడిలా గుండ్రంగా ఉంటుంది గనుక దాన్ని చంద్రజాడీ అంటారు. 1943లో ఆయన దాన్ని లూసీ రీకి అప్పగించారు, ఆమె మరణించేదాకా అది అక్కడే ఉంది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అంత పెద్ద గుండ్రటి జాడీ ఒక్క ముద్దలో లేవదు. రెండు పెద్ద గిన్నెలు వేరువేరుగా తీసి, ఒకదాని మీద ఇంకొకటి బోర్లించి, నడుము దగ్గర అతికిస్తారు. అందుకే దాని నడుము దగ్గర ఒక చిన్న వంకర ఉంటుంది, అది పూర్ణ చంద్రుడు కాదు. లూసీ రీ పొడుగు మెడ సీసాలు కూడా ఇలా ముక్కలుగా చేసినవే: పొట్ట ఒకటి, మెడ ఒకటి, పువ్వులా విచ్చుకున్న మూతి ఒకటి, అన్నీ గోరు దిగీ దిగని గట్టిదనానికి వచ్చాక అతికించినవి. అతుకు దగ్గర మెడ కొద్దిగా ఒరిగితే ఆమె సరిదిద్దేవారు కాదు. ఆ ఒరుగుడులోనే ఆ సీసాలకు ప్రాణం ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి, ఒక్క కాల్పు దగ్గరికి వస్తాను.

గ్లేజు పూసిన పాత్రలను స్టూడియోల్లో సాధారణంగా రెండుసార్లు కాలుస్తారు. పూర్తిగా ఎండిన పచ్చి పాత్రను మొదట సుమారు 1000 డిగ్రీల దగ్గర కాలుస్తారు. అప్పటికి అది ఇటుకలా గట్టిపడుతుంది, కానీ నీళ్ళు పీల్చే గుణం మిగిలి ఉంటుంది. దాన్ని గ్లేజు బకెట్లో ముంచి తీస్తే నీరు గోడలోకి ఇంకి, గ్లేజు పొడి పైన సమంగా పరుచుకుంటుంది. ఆరిన తరువాత రెండోసారి ఎక్కువ వేడికి కాలుస్తారు, అప్పుడు గ్లేజు కరిగి గాజవుతుంది. ఇది నమ్మకమైన దారి. లూసీ రీ ఆ దారిన వెళ్ళలేదు. పచ్చి పాత్ర మీదే గ్లేజు పూసి, మట్టినీ గ్లేజునూ ఒకే మంటలో, సుమారు 1250 డిగ్రీల దాకా కాల్చేవారు.

చెప్పడానికి ఇది ఒక పని తగ్గించుకోవడంలా వినిపిస్తుంది. చేయబోతే ఎంత సూక్ష్మమైనదో తెలుస్తుంది. నేను మొదట ప్రయత్నించినప్పుడు, అలవాటు ప్రకారం పచ్చి గిన్నెను గ్లేజు బకెట్లో ముంచాను. పైకి తీసి బల్ల మీద పెట్టి చేతులు కడుక్కుని వచ్చేసరికి గిన్నె అంచు ఒకవైపు కుంగి, పాదం చుట్టూ మట్టి నీళ్ళు చేరాయి. ఎండిన మట్టి నీటిని ఆబగా తాగి తిరిగి బురద అయిపోయింది. రెండో గిన్నెకు కుంచెతో పూశాను; అది నిలబడింది, కానీ మర్నాడు ఉదయానికి గ్లేజు పెచ్చులు పెచ్చులుగా లేచి రాలింది. పూత ఒక కొలతలో కుదించుకుంటే మట్టి ఇంకొక కొలతలో కుదించుకుంది. కాల్చిన పాత్ర కోసం కలిపిన గ్లేజు పచ్చి పాత్రకు పనికిరాదని ఆ రెండు గిన్నెలు నాకు నేర్పాయి. పచ్చి పాత్రకు పూసే గ్లేజులో ఫెల్డ్‌స్పార్ అనే రాతిపొడి, సుద్ద, ఇసుకపొడితో పాటు తగినంత మట్టి కూడా ఉండాలి, అప్పుడే గ్లేజు పాత్రతో పాటు కుదించుకుంటుంది.

లూసీ రీ పాత్రను తిరుగుతున్న చక్రం మీద పెట్టి, చిక్కటి గ్లేజును పెద్ద మెత్తని కుంచెతో పూసేవారు. చక్రం తిరుగుతుంది, కుంచె కదలకుండా నిలబడుతుంది, పూత తనంతట తానే చుట్టుకుంటుంది. ముందు లోపల పూసి, తడి ఆరనిచ్చి, తరువాత బయట పూయాలి, లేకపోతే రెండు వైపులా తడిసిన గోడ నిలవదు. కుంచె జాడలు పూర్తిగా మాయం కావు. కాలిన తరువాత కూడా ఆమె గిన్నెల మీద గ్లేజు ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా, వర్షం కడిగిన గోడలా కనిపించడానికి కారణం అదే.

ఇక మంట సంగతి. పచ్చి పాత్రలో నీరు రెండు రకాలుగా ఉంటుంది. మట్టి రేణువుల మధ్య ఉన్న తేమ వంద డిగ్రీలు దాటేలోగా పోతుంది. మట్టి అణువుల్లోనే కలిసిపోయి ఉన్న నీరు 450 డిగ్రీల తరువాత గాని వదలదు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని స్ఫటికపు రేణువులు ఉన్నట్టుండి వ్యాకోచిస్తాయి. అక్కడ తొందరపడితే గోడ పగులుతుంది. ఆపైన మట్టిలో మిగిలిన కర్బన పదార్థం కాలి వాయువుగా బయటికి రావాలి. రెండు కాల్పుల పద్ధతిలో ఇవన్నీ మొదటి కాల్పులోనే దాదాపు ముగిసిపోతాయి. ఒక్క కాల్పులో మాత్రం ఇవన్నీ గ్లేజు పొర కిందే జరగాలి, గ్లేజు కరిగి మూసుకుపోక ముందే ఆ వాయువులు బయటపడాలి. కొన్ని అప్పటికీ మిగిలిపోయి, కరిగిన గ్లేజును చీల్చుకుని పైకి వస్తాయి. ఇంకొకరి చేతిలో అది లోపం. లూసీ రీ ఆ లోపాన్ని దగ్గరికి తీసుకుని దాని గుణం తెలుసుకున్నారు. సిలికాన్ కార్బైడు, అంటే సానరాళ్ళకు వాడే పొడి, కావాలనే కలిపి, గ్లేజు ఉడికి పొంగి గుంటలు గుంటలుగా గడ్డకట్టేలా చేశారు. అగ్నిపర్వతపు రాయిలా ఉండే ఆ తెల్లని, పసుపు పచ్చని గరుకు గిన్నెలను ఒకసారి చూసినవారు మరిచిపోరు.

ఇక్కడ కూర్చున్న కుమ్మరి పెద్దలకు ఈ ఒక్క కాల్పు మాట కొత్తగా తోచకపోవచ్చు. మన ఊళ్ళ కుండకు ఏనాడూ రెండో కాల్పు లేదు. పచ్చి కుండ మీద జాజు పూసి, నునుపుగా రుద్ది, ఆవంలో పేర్చి, పిడకలు, కట్టెలు, గడ్డి వేసి ఒక్కసారే కాలుస్తారు. పూతా మట్టీ ఒకే మంటలో ఒకటవుతాయి. గ్లేజు కరిగే వేడి ఆవంలో రాదు, ఆ తేడా పెద్దదే. కానీ పచ్చి మట్టికి తేమ పెట్టేటప్పుడు ఎంత భయపడాలో, ఎప్పుడు పూయాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే వేలి కొస తెలివి రెండు చోట్లా ఒకటే.

ఇప్పుడు ఈ కుడి వైపు గిన్నె దగ్గరికి వస్తాను.

యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు లూసీ రీ ఇంగ్లండులోని విల్ట్‌షైర్ ప్రాంతంలో ఏవ్‌బరీ అనే ఊరికి వెళ్ళారు. చరిత్రకు ముందు కాలపు మనుషులు నిలబెట్టిన పెద్ద పెద్ద రాళ్ళ వలయం ఆ ఊరి చుట్టూ ఉంది. అక్కడి మ్యూజియంలో ఆ కాలపు గిన్నెలు చూశారు. వాటి మీద గీతలు గీసి ఉన్నాయి, ఆ గీతలు గీయడానికి వాడిన పక్షి ఎముకలు కూడా పక్కనే పెట్టి ఉన్నాయి. ఇల్లు చేరాక ఆమె చేసినదేమిటంటే, ఒక సూది తీసుకుని పచ్చి గిన్నె మీద గీయడం. ఆ పాత గిన్నెల ఆకారాన్ని ఆమె తీసుకోలేదు, వాటి నమూనాలనూ తీసుకోలేదు. ఎముక మొన మట్టిని చీల్చుతూ వెళ్ళే కదలికను మాత్రం తీసుకున్నారు. ఆ ఎముకలు పక్కన లేకపోతే, గిన్నెలు మాత్రమే చూసి ఉంటే, ఈ గీతలు పుట్టేవా అని నేను చాలాసార్లు ఆలోచించాను. చేతి పనిముట్టును చూడటం వల్లనే చేయి కదిలింది.

మనకూ రాళ్ళ వలయాలున్నాయి. తెలంగాణలో రాకాసి గూళ్ళని పిలిచే పాత సమాధుల్లో దొరికిన నలుపు, ఎరుపు కుండలు హైదరాబాదు మ్యూజియంలో ఉన్నాయి. లోపలా, మూతి చుట్టూ నలుపు, బయట పొట్ట ఎరుపు. గాలి అందని చోట మట్టి నల్లబడింది, గాలి తగిలిన చోట ఎర్రబడింది. అవి రంగు పూసి తెచ్చిన రంగులు కావు. విద్యార్థులు ఆ కుండల ముందు నిలబడినప్పుడు కొలతలు రాసుకోవడంతో ఆగకుండా, అది ఆవంలో ఎలా కూర్చుని ఉంటుందో, మూతి ఏ వైపు ఉండి ఉంటుందో ఆలోచించమని కోరుతున్నాను.

ఆమె గీతల పని ఎలా సాగేదంటే, తెల్లని పింగాణీ మట్టితో పలుచని గిన్నె తీసేవారు. పాదం చిన్నది, రెండు వేళ్ళ వెడల్పు. అక్కడి నుంచి గోడ ఒక్క ఊపులో బయటికి విచ్చుకుంటుంది. గిన్నె ఆరిన తరువాత మాంగనీస్ కలిపిన నల్లని పూత కుంచెతో పూసేవారు. ఆ పూత ఆరాక సూదితో, అంచు నుంచి పాదం వైపు గీతలు గీసేవారు. సూది నల్లని పొరను తొలిచిన చోట కింది తెల్ల మట్టి బయటపడుతుంది. దీన్ని స్గ్రాఫిటో అంటారు, గీకి తీయడం అని అర్థం. దీనికి తలకిందులు పని కూడా ఆమె చేసేవారు: తెల్ల మట్టిలో ముందు గీతలు చెక్కి, ఆ గీతల్లో మాంగనీస్ నింపి, పైన మిగిలినది తుడిచివేస్తే తెల్లని గోడ మీద నల్లని సన్న గీత నిలుస్తుంది. కొన్ని గిన్నెల్లో బయట మొదటి రకం, లోపల రెండో రకం ఉంటాయి.

దగ్గర నుంచి చూస్తే ఆ గీతల్లో ఏ రెండూ ఒకలా ఉండవు. కొలబద్ద పెట్టి గీసినవి కావు. అంచు దగ్గర గీతకూ గీతకూ మధ్య ధాన్యపు గింజంత జాగా ఉంటుంది. గిన్నె కిందికి సన్నబడే కొద్దీ ఆ జాగా తగ్గుతుంది గనుక కొన్ని గీతలు మధ్యలోనే ఆగిపోవాలి, లేకపోతే పాదం దగ్గర నలుపే మిగలదు. ఏది ఆగాలో, ఎక్కడ ఆగాలో చేయి అప్పటికప్పుడు నిర్ణయించుకోవాలి. సూది మొన నుంచి లేచిన పొడిని ఊదకూడదు, మెత్తని కుంచెతో తుడవాలి. మాంగనీస్ పొడి ఊపిరిలోకి వెళ్తే నరాలకు హాని చేస్తుంది, బట్టీలో అది వదిలే ఆవిరి మరీ ప్రమాదం. ఈ పని చేయదలచిన పిల్లలు ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవాలి, బట్టీ ఉన్న గదిలో గాలి బాగా ఆడాలి. ఈ ఒక్క విషయంలో పాత కళాకారుల అలవాట్లను మనం అనుసరించకూడదు.

బట్టీలో ఆ నలుపుకు ఏమవుతుందో ఈ కాలిన గిన్నెలో చూడవచ్చు. మాంగనీస్‌తో రాగి కూడా కలిపితే, ఎక్కువ వేడిలో ఆ రెండూ కలిసి కరిగి, పాత కంచు పాత్ర మీద వెలుగు పడినట్టు బంగారు ఛాయ తిరుగుతుంది. అంచు దగ్గర అది కొద్దిగా కిందికి జారి గీతల మధ్యకు దిగుతుంది. లూసీ రీ తన గిన్నెల అంచుల మీద ఈ కంచు పూతను తరచుగా వాడారు, అది తెల్లని గిన్నె చుట్టూ జరీ అంచులా కనిపిస్తుంది. ఆమెది కరెంటు బట్టీ. లీచ్ బాటలో నడిచినవారు మంటలు లేచే బట్టీల్లో, లోపలికి గాలి తగ్గించి పాత్రలు కాల్చేవారు. ఆ రోజుల్లో స్టోన్‌వేర్, అంటే ఎక్కువ వేడిలో రాయిలా గట్టిపడే పాత్రలు, అలాగే కాల్చాలని చాలామంది నమ్మకం. ఆమె మంట లేని, పొగ లేని బట్టీతో, ఇంటి కింది గదిలో, అంతటి లోతైన రంగులు సాధించారు. పెద్ద స్థలం, కట్టెల మోపులు లేవని నిరుత్సాహపడే నగరపు విద్యార్థులకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలని నాకు ఎప్పుడూ ఉంటుంది.

రంగుల మట్టి సంగతి కూడా ఒక మాట. రెండు రకాల మట్టిని, ఒకదానిలో రంగునిచ్చే ఆక్సైడు కలిపి, పూర్తిగా కలిసిపోకుండా ఒకే ముద్దగా చేసి సారె మీద పెడితే, చేతుల మధ్య గోడ పైకి లేచే కొద్దీ రెండు రంగులూ మెలికలు తిరుగుతూ పైకి పాకుతాయి. సారె తిరిగిన తీరు ఆ పాత్ర మీద మచ్చలా మిగిలిపోతుంది. కుండ ఎలా పుట్టిందో కుండే చెబుతుంది.

ఆమె బట్టీ పై నుంచి తెరిచే రకం, ఆమె పొట్టిగా ఉండేవారు. అడుగున ఉన్న గిన్నెలు తీయడానికి నడుము దాకా లోపలికి వంగవలసి వచ్చేది. 1982లో టీవీ వ్యాఖ్యాత డేవిడ్ ఆటెన్‌బరో ఆమె పనిగదికి వెళ్ళి బీబీసీ కోసం చిత్రించిన కార్యక్రమంలో ఆమె అప్పటికి ఎనభై ఏళ్ళ మనిషి. బట్టీ తెరిచిన ప్రతిసారీ తనకు ఆశ్చర్యమే అనేవారు. పాళ్ళన్నీ నోటుపుస్తకంలో రాసుకుని, అరవై ఏళ్ళు అదే పని చేసిన మనిషి ఆ మాట అన్నారంటే, ఒక్క కాల్పులో మంట చేతికి ఎంత భాగం అప్పగిస్తామో ఆలోచించండి.

1989లో జపాన్ ఫ్యాషన్ రూపశిల్పి ఇస్సే మియాకె ఆమె పాత్రలను జపాన్‌లో ప్రదర్శింపజేశారు. యుద్ధకాలపు బొత్తాలను తన దుస్తుల మీద కుట్టించారు కూడా. 1990లో పక్షవాతం రావడంతో ఆమె పని ఆగిపోయింది, 1995లో మరణించారు. ఆల్బియన్ మ్యూస్ పనిగదిని ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో తిరిగి అమర్చారు. నేను అక్కడ నిలబడినప్పుడు ఎక్కువసేపు చూసినవి పాత్రలు కావు, పనిముట్లు. ఏవ్‌బరీలో ఆమె కూడా అలాగే ఎముకల ముందు ఆగి ఉంటారనిపించింది.

ఈ పచ్చి గిన్నె మీద ఇప్పటికి ఒక వైపు మాత్రమే గీతలు గీశాను, రెండో వైపు మీకోసం ఉంచాను. ముందు వరుసలోని పిల్లలు బల్ల దగ్గరికి రండి, పెద్దలు కూడా దగ్గరికి జరగండి. మాస్కులు ఈ పెట్టెలో ఉన్నాయి, ముందు అవి కట్టుకోండి. ఎవరైనా ఆ దీపాన్ని కొంచెం ఇటు తిప్పండి, వెలుతురు పక్క నుంచి పడితేనే సూది మొన కనిపిస్తుంది.